అబ్బట్, కాన్వెంట్, సెల్లరర్: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఇంగ్లండులోని బరీ సెయింట్ ఎడ్మండ్స్ బెనెడిక్టైన్ మఠం గురించిన వ్యాసంలో "అబ్బట్ అండ్ కాన్వెంట్" అన్న జంట పదే పదే వస్తోంది. 1182 నుంచి 1211లో చనిపోయేదాకా అక్కడ అబ్బట్‌గా ఉన్న శాంసన్ కథ అది. అబ్బట్‌ను "మఠాధిపతి", కాన్వెంట్‌ను "కన్యామఠం" అనవచ్చా?

జవాబు:
కన్యామఠం తప్పండీ. లాటిన్ "కొన్వెంతుస్" అంటే కూడిక, సముదాయం. బరీలో ఉన్నది మగ సన్యాసులే. మనకు కాన్వెంటంటే ఇంగ్లీషు మీడియం బడి, లేదంటే సిస్టర్లు ఉండే ఇల్లు. ఈ రెండర్థాలూ 12వ శతాబ్దపు మాటకు అతకవు. "మఠాధిపతీ, మఠ సముదాయమూ" అనండి.

పైగా ఆ జంటలో ఒక లెక్క ఉంది. అక్కడ అబ్బట్ ఆస్తి వేరు, సముదాయం ఆస్తి వేరు. అబ్బట్ చనిపోతే కొత్తవాడు వచ్చేదాకా ఆయన వాటా ఆదాయం రాజు చేతిలోకి వెళ్ళేది. వాటాలు విడిగా ఉండడంతో సన్యాసుల తిండీ బట్టా దానితోపాటు పోయేవి కావు. 1180 నవంబరులో అబ్బట్ హ్యూ చనిపోయాక 1182 ఫిబ్రవరి దాకా పీఠం ఖాళీగానే ఉంది. ఆ పదిహేను నెలలు ఈ విభజనే సన్యాసులను కాచింది. రెండిటినీ కలిపి "మఠం" అని రాసేస్తే ఎవరి సొమ్ము ఎవరిదో పాఠకుడికి అందదు.

మరో జవాబు:
"మఠాధిపతి" నాకూ సమ్మతమే, కానీ ఒక చిక్కుంది. మనకు మఠాధిపతి అనగానే గురువు ఎంచుకున్న ఉత్తరాధికారి గుర్తొస్తాడు. ఈ సన్యాసులు పాటించే బెనెడిక్ట్ నియమావళి 64వ అధ్యాయం ప్రకారం అబ్బట్‌ను సన్యాసులే ఎన్నుకోవాలి, వరుసలో ఆఖరివాడైనా సరే. శాంసన్ అప్పటికి ప్రయర్ (మఠంలో అబ్బట్ తర్వాతి అధికారి) కూడా కాదు. ప్రయర్‌తో పాటు పన్నెండుమంది సన్యాసులు ఇంగ్లండు రాజు రెండో హెన్రీ దగ్గరికి పేర్లు పట్టుకెళ్తే, రాజు ఇంకొన్ని పేర్లు అడిగి, కొట్టివేతలు పోగా ఆయన మిగిలాడు. కాబట్టి మొదటిసారి వచ్చినచోట "సన్యాసులు ఎన్నుకొనే మఠాధిపతి" అని విప్పి చెప్పాలి.

ఇంకోటి. అబ్బట్‌కు మూలమైన లాటిన్ "అబ్బాస్" అరమాయిక్ "అబ్బా" నుంచి వచ్చింది, అంటే తండ్రి. మన బైబిలులో "అబ్బా, తండ్రీ" అని చదివేది ఆ మాటే. రాయలసీమ "అబ్బ"తో చుట్టరికం కలపకండి, అది ద్రావిడ పదం. పోలిక కాకతాళీయం.

ప్రశ్న అడిగినవారు:
సెల్లరర్ సంగతి? సెల్లార్ అంటే అపార్ట్‌మెంటు కింద బండ్లు పెట్టే చోటే గుర్తొస్తోంది.

జవాబు:
"ఉగ్రాణపు అధికారి". ఉగ్రాణం మన గుళ్ళల్లో ఉన్న మాటే. నియమావళి 31వ అధ్యాయం అతణ్ణి మఠంలోని ప్రతి పాత్రనూ బలిపీఠం మీది పాత్రలా చూడమంటుంది. బరీలో అతని పని పెద్దది. అబ్బట్ ఊళ్ళో లేనప్పుడు పదమూడు గుర్రాల దాకా వచ్చే అతిథుల భారం అతనిదే, అంతకు మించితే ఖర్చు అబ్బట్ వాటాలోంచి. కొలత మనుషులతో కాదు, గుర్రాలతో. అనువాదంలో ఆ గుర్రాలను వదిలెయ్యకండి.

అప్పుల గురించి రాసేచోట "సీల్"ను "ముద్ర" అనండి, సంతకం అనకండి. మఠంలో ఎవరికి వారే ముద్ర పెట్టుకొని అప్పులు చేస్తుండేవారు. శాంసన్ అందరి ముద్రలూ తెప్పిస్తే ముప్పైమూడు తేలాయి. ఆపైన ప్రయర్, సముదాయం ఒప్పుకోకుండా ఏ అధికారీ ఇరవై షిల్లింగులు దాటి బాకీ పడకూడదన్నాడు. ఇక్కడ "సముదాయం" మాట ఎంత బరువుదో చూడండి: అప్పుకు తాళం అక్కడుంది.

మరో జవాబు:
ప్రయర్‌కు "ఉపమఠాధిపతి" అనాలని అనిపిస్తుంది గానీ, సబ్-ప్రయర్, మూడో ప్రయర్ వచ్చేసరికి ఇరుక్కుంటారు. 1182లో రాజుకు పట్టుకెళ్ళిన పేర్లలో మూడో ప్రయర్ కూడా ఉన్నాడు. "ప్రయర్" అలాగే ఉంచి, రెండో ప్రయర్, మూడో ప్రయర్ అంటే చాలు.