క్రిస్మస్ కార్డులకు ఏ రంగులు కలపాలి?

పెరంబూరు పిన్ని: ఈసారి కార్డులు ఇంట్లోనే చేస్తున్నాం. ఎరుపు, పచ్చ, బంగారం, వెండి అన్నీ పూసేసరికి మా పాప కార్డు పెళ్లిపత్రికలా తయారైంది! చెన్నైలో మంచి అట్ట ఎక్కడ దొరుకుతుంది?

అడయార్ అన్నయ్య: ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లండి. 250 జీఎస్ఎం అట్ట అడగండి (జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములనే లెక్క; అంకె పెరిగితే అట్ట మందం). 300 అయితే మడత దగ్గర పగలొచ్చు. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన పెన్నుతో గట్టిగా గీత గీసి, అప్పుడు మడవాలి. ఏ4 షీటుని సగానికి కోస్తే రెండు కార్డులు.

కాగితాల పిచ్చి: మూడు రంగులు చాలు పిన్నిగారూ. ముదురు నీలం అట్ట, తెల్ల జెల్ పెన్ను, కాస్త వెండి. బంగారం, వెండి కలిపితే నాకైతే అస్సలు నచ్చదు.

పెరంబూరు పిన్ని: నీలమా! ఎరుపు లేకపోతే అది పండగ కార్డే కాదంటారు మా అత్తగారు.

కాగితాల పిచ్చి: అయితే మెరూన్, క్రీమ్, రాగి రంగు. గ్లిట్టర్ మాత్రం పాప చేతికివ్వకండి, సంక్రాంతి దాకా ఊడుస్తూనే ఉంటారు.