210 మెగావాట్ల బొగ్గు యూనిట్ బదులు ఎంత సోలార్ కావాలి?

బెంజిసర్కిల్:
ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో 210 మెగావాట్ల పాత యూనిట్లు ఆరున్నాయి. మొదటిది 1979 నాటిది. వాటిలో ఒక్కటి మూసేసి ఆ కరెంటు ఎండతో, గాలితో తేవాలంటే ఎన్ని మెగావాట్లు పెట్టాలి? 210కి 210 అని చాలామంది రాసేస్తున్నారు. డాబా మీద పెట్టే 3 కిలోవాట్ల వాటా ఇందులో ఎంతో కూడా చెప్పండి.

కొండపల్లి షిఫ్టు:
210 చాలదండీ. 70 శాతం లోడు మీద రోజంతా నడిస్తే ఆ యూనిట్ 35 లక్షల యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంటు ఇస్తుంది. మన ఎండకి ఒక మెగావాటు సోలార్ నుంచి రోజుకి సగటున నాలుగున్నర వేల యూనిట్లు వేసుకోండి. భాగిస్తే 780 మెగావాట్లు. మెగావాటుకి నాలుగైదు ఎకరాల చొప్పున 3,000 ఎకరాలు దాటిపోతుంది. డెల్టా మాగాణిలో అంత నేల దొరకదు, తీసుకోకూడదు కూడా. ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల పార్కు మెట్టనేలల్లో రావడానికి అదొక కారణం. అక్కడినుంచి మన దాకా పెద్ద లైన్లలో చోటుండాలి. ప్యానెళ్లు త్వరగానే బిగిస్తారు, లైనుకే ఏళ్లు పడుతుంది.

కరెంటులెక్క:
యూనిట్ల లెక్క సరే, గంటల లెక్క చూడండి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఏసీలు, షాపులు, వంటిళ్లు అన్నీ ఒక్కసారే నడుస్తాయి. అప్పటికి ఆ 780 మెగావాట్లు సున్నా. గాలి రాత్రుళ్లు కూడా వీస్తుంది కానీ అనంతపురం, కర్నూలు కొండల మీద దాని బలమంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా నెలల్లో దాన్ని నమ్ముకుని యూనిట్ ఆపలేం. 210లో 70 శాతం, అంటే 147 మెగావాట్లని నాలుగు గంటలు నిలపాలంటే దాదాపు 600 మెగావాట్ అవర్ల నిల్వ కావాలి. నాగార్జునసాగర్‌లో వెనక్కి తిప్పి పంపులుగా వాడే టర్బైన్లు ఉన్నాయి. డ్యామ్ దిగువన నీళ్లు ఆపే టెయిల్‌పాండ్‌లో నీళ్లుంటేనే అవి పనికొస్తాయి. పంపింగ్‌లో నూటికి 20 నుంచి 25 యూనిట్లు పోతాయి, ఆ మేరకు సోలార్ ఇంకా పెంచాలి.

కొండపల్లి షిఫ్టు:
ఒప్పుకుంటాను. అందుకే మూసేలోపు తగ్గించి నడపడం వస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల ప్రకారం కనిష్ఠ లోడు మొదట 55, తర్వాత 40 శాతానికి దించాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. లోడు దించి బొగ్గు పొడి చేసే మిల్లులు ఆపుకుంటూ వస్తే ఫర్నేస్‌లో మంట నిలకడ తప్పుతుంది, మంట నిలపడానికి నూనె చిమ్మే ఆయిల్ గన్లు వేయాల్సొస్తుంది. రోజూ దించి లేపితే బాయిలర్ డ్రమ్ము, టర్బైన్ కేసింగ్ లాంటి మందపాటి లోహభాగాలు వేడెక్కి చల్లారి అలసిపోతాయి. పాత యూనిట్లకి ఇది పెద్ద శిక్ష.

మిర్చియార్డు:
సాయంత్రపు లోడునే పగటికి జరపండి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్లు పది నుంచి నాలుగు దాకా పూర్తిగా నడిపి, గదిని మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించితే, నిండా ఉన్న మిర్చి బస్తాలే ఆ చలిని పట్టుకుంటాయి. తర్వాత మూడు నాలుగు గంటలు ఆపొచ్చు. తలుపు రబ్బర్లు చిరిగి ఉంటే మాత్రం కుదరదు. తేమ లోపలికొచ్చి కాయకి బూజు పడుతుంది. ముందు రబ్బర్లు, పైపుల ఇన్సులేషన్ చూసుకోండి.

సత్యనారాయణపురం డాబా:
3 కిలోవాట్లకి 300 చదరపు అడుగులు, 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. రోజుకి సగటున 12 యూనిట్లు. ఒక యూనిట్‌కి 0.7 కిలోల బొగ్గు వేసుకుంటే ఏడాదికి 3 టన్నులు మిగులుతుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 రూపాయలు, ప్యానెళ్లు దేశీయ సెల్స్‌వే అయ్యుండాలి. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు చాలు. విజయవాడకి సెకనుకి 50 మీటర్ల గాలి వేగానికి తట్టుకునేలా స్టాండుని డిజైన్ చేయించండి. పాత స్లాబుకి బోల్టులు దింపితే నెర్రెలిచ్చి కారుతుంది, కాంక్రీటు దిమ్మెలు పోయించుకోండి. ప్యానెళ్ల కింద గాలాడే ఖాళీ ఉంచండి. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకి చేరితే 14 శాతం దాకా తగ్గుతుంది. ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్‌ని కింద పెట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచిన సంగతి తెలిసిందే, మెట్ల గదిలో పెట్టించండి. ఎర్త్ గుంటలు మూడు ఉండాలి: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి వేర్వేరుగా. రెండు రకాల కంపెనీల కనెక్టర్లు కలిపితే కలిసిన చోట వేడెక్కి కాలిపోతుంది.

కొత్తపేట:
మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగి మళ్లీ తనే మొదలవుతుంటే కారణమేంటి సార్?

సత్యనారాయణపురం డాబా:
ఓల్టేజి పెరగడం అండీ. ఒంటిగంటకి ఇన్వర్టర్ దగ్గర, మీటరు దగ్గర ఓల్ట్‌మీటరుతో చూడండి. తేడా నాలుగైదు ఓల్టులుంటే మధ్యలో కేబుల్ సన్నం, మందంది వేయించండి. మీటరు దగ్గరే 250 దాటితే వీధిలో అందరూ ఒకేసారి పంపుతున్నారు, ఓల్టేజి తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చమని సెక్షన్ ఆఫీసులో రాసివ్వండి. ఇన్వర్టర్ లిమిట్ మీరే పెంచేయొద్దు. ఇంట్లో మిగతా సామాను కాలుతుంది.

బెంజిసర్కిల్:
అంటే డాబాకి రోజుకి 12 యూనిట్ల చొప్పున ఆ 35 లక్షల యూనిట్లకి రెండు లక్షల తొంభై వేలకి పైగా డాబాలు.

కరెంటులెక్క:
అవును, పగటి యూనిట్ల వరకు. కొత్తగా పెట్టేవాళ్లలో కొందరు ఆరింటిలో రెండు ప్యానెళ్లు పడమటికి తిప్పినా మేలే. మొత్తం కొంచెం తగ్గుతుంది కానీ సాయంత్రం ఐదున్నర దాకా కాస్త ఎక్కువ కరెంటు వస్తుంది. ఆ రెండింటికీ ఇన్వర్టర్‌లో వేరే ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి గరిష్ఠ కరెంటు రాబట్టే భాగం) ఉండాలి. దక్షిణం వాటితో ఒకే వరుసలో కలిపితే తక్కువ ఎండ పడే ప్యానెల్ మిగతావాటిని కూడా లాగేస్తుంది.