తుఫాను సహాయక చర్యల సమన్వయం: రెండు రోజుల శిక్షణలో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి?

పెన్నాగట్టు:
నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల సిబ్బందికి అక్టోబరు వానల్లోపే శిక్షణ పెట్టాలి. ముప్పై మంది వస్తారు: వీఆర్వోలు, పంచాయతీ కార్యదర్శులు, ఏఎన్‌ఎంలు, మహిళా పోలీసులు, కొందరు స్వచ్ఛంద సంస్థల వాళ్లు. మామూలుగా ఇలాంటివి స్లైడ్లు, భోజనం, సర్టిఫికెట్‌తో అయిపోతాయి. షెల్టర్‌కి 600 మంది వచ్చిపడితే ఎవరు ఎవరికి ఏం చెప్పాలో అలవాటు కావాలంటే ఎట్లా నడపాలి?

కంట్రోల్‌రూం_రాత్రి:
ఉపన్యాసం గంటన్నరకి మించనీయకండి. అందులో చెప్పాల్సింది ఐఆర్‌ఎస్ (ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టం, అంటే విపత్తులో ఎవరు ఎవరి కింద పనిచేయాలనే ఏర్పాటు) ఒక్కటే. ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) 2010 మార్గదర్శకాల ప్రకారం ఇన్సిడెంట్ కమాండర్ కింద మూడే విభాగాలు: ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్. అమెరికా పుస్తకాలు చదివినోళ్లు ఫైనాన్స్‌ని నాలుగోదిగా గీస్తుంటారు, మన దగ్గర అది లాజిస్టిక్స్‌లో ఒక శాఖ. ఒకరి కింద ఐదుగురు ఉంటే బాగు, ఏడుగురు దాటితే ఎవరి మాటా ఎవరికీ అందదు.

అసలు తిప్పలు ఇంకోచోట. వీఆర్వో తహసీల్దారుకి చెప్తాడు, కార్యదర్శి ఎంపీడీవోకి, ఏఎన్‌ఎం పీహెచ్‌సీ డాక్టరుకి. ఒకే షెల్టర్ నుంచి మూడు అంకెలు పైకి పోతాయి, కలెక్టరేట్‌లో ఏది నమ్మాలో తెలీదు. అందుకని షెల్టర్‌కి ఒకే ఇన్‌ఛార్జి, ఒకే రిజిస్టరు, ఫలానా టైముకి ఒకే లెక్క. మిగతా శాఖలకి ఆ కాగితం కాపీయే వెళ్లాలి. శిక్షణ అంతా ఈ ఒక్క అలవాటు కోసమే అనుకున్నా తప్పులేదు.

మొదటిరోజు మధ్యాహ్నం టేబుల్‌టాప్ పెట్టండి, అంటే బల్ల చుట్టూ కూర్చుని తుఫాను వచ్చినట్టు ఆడే ఆట. ఐఎండీ (వాతావరణ శాఖ) హెచ్చరికల మెట్లు తీరం దాటడానికి 72, 48, 24, 12 గంటల ముందు. పది నిమిషాల్ని మూడు గంటలుగా లెక్కేస్తే తీరం దాటేదాకా నాలుగు గంటల్లో ఆట అయిపోద్ది. మధ్యమధ్యలో చీటీలు వదలండి: బకింగ్‌హాం కాలువ వంతెన మీదికి నీళ్లొచ్చాయి, జాలర్లు పడవలూ వలలూ వదిలి రామంటున్నారు, బియ్యం లారీ పక్క ఊరికి పోయింది, నెలలు నిండిన ఆమెకి నొప్పులు మొదలయ్యాయి. రెండు చీటీలు ఒకదానికొకటి పొసగకుండా రాయండి, నిజంగా వచ్చే కబుర్లు అట్లానే ఉంటాయి.

తూకం_కాటా:
600 మంది లెక్కని స్లైడు మీద పెట్టొద్దు, వాళ్లచేతే వేయించండి. మనిషికి 3.5 చదరపు మీటర్లంటే 2,100 కావాలి. మామూలు షెల్టర్‌లో అంత చోటు ఎక్కడిది? ఒక్క రాత్రికి సర్దుకుంటారు, మూడో రోజుకి కుదరదు, కాబట్టి బడి, కల్యాణమండపం తాళాలు ఎవరి దగ్గరున్నాయో ముందే రాసుకోవాలి. తాగేందుకే తలకి 3 లీటర్ల చొప్పున 1,800 లీటర్లు. వంటకీ శుభ్రతకీ కూడా కలిపి అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణం 15 లీటర్లు, అంటే 9,000. ఐదువేల లీటర్ల ట్యాంకరు రోజుకి రెండు ట్రిప్పులు. 30 మందికి ఒక మరుగుదొడ్డి చొప్పున ఇరవై.

ఎక్కువగా పొరపడేది కుటుంబాల లెక్కనీ మనుషుల లెక్కనీ కలిపేయడం దగ్గర. భోజనం తలల మీద, 25 కిలోల బియ్యం రేషన్ కార్డుల మీద. 150 కుటుంబాలకి 3,750 కిలోలు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే బయటి కూలీలకి, యానాది కాలనీల్లో కాగితాల్లేని వాళ్లకి కార్డు ఉండదు. వాళ్లని ఏ పేజీలో రాస్తారో ఒక చీటీ పెట్టి అడగండి.

పెన్నాగట్టు:
మంచి లెక్క సార్. మరి టవర్లు పడిపోతే?

కంట్రోల్‌రూం_రాత్రి:
ఆటలో సగం అవగానే ఫోన్లన్నీ ఒక పెట్టెలో వేయించండి. ఇక వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టు, లేదంటే బండిమీద మనిషి. కబురులో టైము, చోటు, ఎంతమంది, ఏం కావాలి, ఎప్పటిలోగా, ఈ ఐదూ ఉండాలి. విన్నవాళ్లు తిరిగి చదివి వినిపించాలి. ఇది మొదట్లో అందరికీ చాదస్తంగా ఉంటుంది, అయినా వదలొద్దు.

సోమశిల_గేట్లు:
అన్నా, తుఫానొక్కటే పెడితే సగమే చేసినట్టు. 2021 నవంబరులో ముంచింది పెన్నా వరద. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, పదహారో నంబరు హైవే ఆగిపోయింది. మీ మూడు మండలాల్లో విడవలూరు ఏటికి ఉత్తరాన ఉంది, మిగతా రెండూ దక్షిణాన. సరుకంతా నెల్లూరు గోడౌన్‌లోనే పెడితే విడవలూరుకి ఎట్లా పంపుతారు? రెండో రోజు ఈ సన్నివేశమే ఇవ్వండి. అప్పుడు చూడాల్సింది ఐఎండీ బులెటిన్ ఒక్కటే కాదు, పెన్నా మీది సోమశిల డ్యాం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఎప్పుడు వదిలారు అన్నది కూడా.

ఆట ముగిసిన వెంటనే, టీ కూడా తాగకముందే ముప్పావుగంట సమీక్ష పెట్టండి. అందరి లాగ్ పుస్తకాలు పక్కపక్కన పెడితే చీటీ అందినప్పటి నుంచి నిర్ణయం దాకా ఎంతసేపు పట్టిందో, ఏ లెక్క ఎక్కడ మారిందో కనిపిస్తుంది. ఫోన్ నంబర్ల జాబితా మనుషుల పేర్లతో కాకుండా హోదాలతో రాయించండి, బదిలీలొస్తే పేర్లు పనికిరావు. కార్బన్ పేపర్లు మర్చిపోకండి, కరెంటు పోతే జెరాక్సు ఉండదు.