నాయనకు నుదుటి మీద అక్కి, ఆరో వారంలో పక్షవాతం: రెంటికీ సంబంధం ఉందా?

చంద్రగిరి శీను:
నాయనకు 66 ఏళ్లు. బీపీ, షుగరు రెండూ ఉండాయి. నుదుటి మీద కుడిపక్క నీటిపొక్కులు లేచి కనురెప్ప దాకా దిగినాయి. అక్కి అన్నారు. కుమ్మరాయన దగ్గర ఎర్రమట్టి పూయించి, పత్యం పెట్టినాం. వేడి చేస్తాయని నాయన బీపీ మాత్రలు కూడా మానేసినాడు. పొక్కులు మాడిపోయినాయి, గండం గడిచిందనుకున్నాం. ఆరో వారంలో పొద్దున్నే ఎడమచేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది, మూతి వంకర పోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ "ఈ మధ్య సర్పి (అదే అక్కి) వచ్చిందా?" అని అడిగేదాకా మాకు తట్టనే లేదు. ఇంకెవరింట్లోనైనా ఇట్లా జరిగిందా?

పుంగనూరు పద్మ:
మా అత్తకు నడుముకు వచ్చింది. పొక్కులు నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని ఊరంతా భయపెట్టినారు. కలవలేదు, పక్షవాతమూ రాలేదు. మంట మాత్రం ఎనిమిది నెలలుంది. చీర తగిలినా ఏడ్చేది పాపం.

సిస్టర్ (తిరుపతి):
శీను గారూ, సంబంధం ఉంది. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే నరాల మొదట్లో దాక్కుని, వయసు మీద పడ్డాకో షుగరు ముదిరాకో మళ్లీ లేస్తుంది. అది ఒక పక్క నరం వెంబడే నడుస్తుంది కాబట్టి తలా తోకా కలవడమన్న భయం అక్కర్లేదు. నుదుటికీ కంటికీ వచ్చే నరం కొమ్మలు మెదడు రక్తనాళాలకూ పోతాయి. ఆ దారిన వైరస్ చేరితే నాళం గోడ వాచి సన్నబడుతుంది, రక్తం గడ్డ కడుతుంది. కుడి మెదడు దెబ్బతింటే పడిపోయేది ఎడమ చెయ్యే. 2014లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో సర్పి వచ్చిన తొలి 4 వారాల్లో పక్షవాతం ముప్పు మామూలుకన్నా దాదాపు 1.6 రెట్లు కనబడింది, ఆరు నెలల్లో మెల్లగా తగ్గింది. కంటి దగ్గర వచ్చినవాళ్లకు సుమారు మూడు రెట్లు. వైరస్ మందు వాడినవాళ్లలో ముప్పు తక్కువ. సర్పి వచ్చిన చాలామందికి పక్షవాతం రాదు, అదీ చెప్పాలి. కానీ బీపీ మాత్ర ఆపడం ఒక్కటే చాలు ప్రమాదానికి. మీ నాయన విషయంలో రెండూ కలిశాయేమో.

పాకాల మెడికల్ షాపు:
రోజూ చూసే బాధ ఇది. అయిదో రోజో ఆరో రోజో వచ్చి పూత మందు అడుగుతారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మాత్రలు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. ఎసైక్లోవిర్ 800 అయితే రోజుకు అయిదుసార్లు, ఏడు రోజులు. కిడ్నీ జబ్బుంటే మోతాదు మారుతుంది, డాక్టరు రాయకుండా వేసుకోవద్దు.

పుంగనూరు పద్మ:
టీకా ఉందంట కదా?

సిస్టర్ (తిరుపతి):
ఉందమ్మా. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. 50 దాటినవాళ్లకు రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలలు. ఖరీదే, అయినా షుగరున్న పెద్దవాళ్లుంటే డాక్టరును అడగండి. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే.

చంద్రగిరి శీను:
నాయన ఇప్పుడు గోడ పట్టుకుని నడస్తా ఉండాడు. నిన్న మా పిన్నమ్మకు వీపు మీద పొక్కులు లేచినాయి. మట్టి పూయిస్తామని పెద్దోళ్లు పట్టుబట్టినారు. ముందు మాత్రలు, తర్వాత మీ ఇష్టం అని చెప్పి ఈ పొద్దే తిరుపతి రుయా ఆస్పత్రికి పిలుచుకొచ్చినా. ఓపీ లైన్లో ఉండాం. బీపీ మాత్రల డబ్బా నా జేబులోనే ఉంది.