నది ఒడ్డున ఎన్నో ఊళ్లుండగా మిల్లులు లోవెల్‌కే ఎందుకు వచ్చాయి?

ప్రశ్న:
అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ నగరం 19వ శతాబ్దంలో బట్టల మిల్లులకు పేరుపొందిందని చదివాను. మెర్రిమాక్ నది ఒడ్డున ఇంకా ఎన్నో ఊళ్లుండగా, అంతవరకు పొలాలుగా ఉన్న ఈ చోటునే పెట్టుబడిదారులు ఎందుకు ఎంచుకున్నారు? సరుకు రవాణాకు అనువుగా ఉండటమే కారణమా?

మొదటి జవాబు:
కాదండి. పడవలకు అడ్డుపడిన చోటే మిల్లులకు పనికొచ్చింది. పాటకెట్ జలపాతం దగ్గర నది సుమారు 32 అడుగుల కిందికి దిగుతుంది. న్యూ హాంప్‌షైర్ కలపను సముద్రతీరానికి చేర్చేవారికి అది పెద్ద ఆటంకం కావడంతో, దాన్ని తప్పించి పడవలు నడపడానికి 1796లో పాటకెట్ కాలువను తెరిచారు. అయితే 1803లో బోస్టన్‌కు నేరుగా వెళ్లే మిడిల్‌సెక్స్ కాలువ పూర్తయ్యేసరికి దీనిమీద రాకపోకలు పలచబడ్డాయి. 1821లో బోస్టన్ వర్తకులు కాలువ వాటాలనూ చుట్టుపక్కల పొలాలనూ కొని, ఆ నీటిని మిల్లుల చక్రాలకు మళ్లించారు. తర్వాత తవ్విన కాలువలతో నీటిని రెండు మెట్లుగా వాడుకున్నారు: పై కాలువ నీరు ఒక వరుస మిల్లులను తిప్పి కింది కాలువలో పడేది, అక్కడ మరో వరుసను తిప్పాకే నదిలో కలిసేది. అన్నట్టు, ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఫ్రాన్సిస్ కేబట్ లోవెల్ 1817లోనే చనిపోయాడు.

రెండవ జవాబు:
పై జవాబు సరైనదే కాని, నీరొక్కటే మిల్లును నడపదు. చుట్టుపక్కల రాష్ట్రాల రైతు కుటుంబాల నుంచి వచ్చిన యువతులు కంపెనీ వసతి గృహాల్లో ఉంటూ పని చేసేవారు. 1834లో కూలి తగ్గించినప్పుడు, 1836లో వసతి ఖర్చు పెంచినప్పుడు వారు పని మానేసి వీధుల్లోకి వచ్చారు. ఇక ఆ మగ్గాలకెక్కిన పత్తి దక్షిణాదిలో బానిసలు పండించినది. లోవెల్ ఘనతను చెప్పేటప్పుడు ఈ సంగతిని దాటవేయడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి నదిని కాలువలతో ఊరి నడుమకు తెచ్చుకుంటే, వరదల్లో ఊరు మునిగిపోదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఆ భయం కాలువల ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్‌కూ ఉండేది. 1850లో ఆయన పాటకెట్ కాలువకు అడ్డంగా బరువైన కలప తలుపును వేలాడదీయించినప్పుడు, జనం దాన్ని ‘ఫ్రాన్సిస్ పిచ్చిపని’ అని ఎగతాళి చేశారు. రెండేళ్లు తిరక్కుండానే 1852లో వరద వచ్చింది. ఇనుప కట్టును తెగ్గొట్టి తలుపును దించడంతో ఊరు గట్టెక్కింది. పెద్ద మిల్లులు చాలావరకు మూతపడ్డాక, 1936 వరదలో కూడా అదే తలుపును దించవలసి వచ్చింది.