బోర్డోలోని వైన్ ప్రదర్శనశాలకు తొలిసారి వెళ్ళేవారు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: లాసన్స్ బే వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో చదువుకుంటోంది. వచ్చే జూన్ మొదట్లో నేనూ, మావారూ, మా అత్తగారూ విశాఖపట్నం నుంచి అక్కడికి వెళ్ళబోతున్నాము. ఆ ఊళ్ళో సితే దు వాన్ అనే వైన్ ప్రదర్శనశాల ఉందనీ, గాజు బీరువాల్లోని వస్తువులను దూరం నుంచి చూసి రావడం కాకుండా అక్కడ వాసన చూస్తూ, వింటూ, తెరలను తాకుతూ వైన్ గురించి నేర్చుకోవచ్చనీ అమ్మాయి చెప్పింది. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే క్రమాన్ని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తూ వచ్చాను గనుక, ఆ ఒక్క ప్రక్రియ చుట్టూ ఒక ప్రాంతపు వ్యవసాయం, వ్యాపారం, భోజన సంప్రదాయం ఎలా అల్లుకున్నాయో దగ్గరగా చూడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

అయితే నేను ఇంతవరకు వైన్ రుచి చూడలేదు. మావారు ఎప్పుడైనా విందుల్లో ఒక గ్లాసు తీసుకుంటారు గాని, ఎర్ర వైన్‌కూ తెల్ల వైన్‌కూ రంగు తప్ప వేరే తేడా చెప్పలేనంటారు. మా అత్తగారు శాకాహారి. మద్యం ఉన్న బల్ల దగ్గర కూర్చోవడానికి కూడా ఇబ్బంది పడతారు, కానీ కొత్త ఊరు, కొత్త పంట అంటే మా అందరికంటే ఆవిడకే ఆసక్తి ఎక్కువ. ఆవిడను ఇంట్లో వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు, తీసుకువెళ్ళి ఇబ్బంది పెట్టడమూ ఇష్టం లేదు. ఏమీ తెలియనివారికి అక్కడ చూపేది అర్థమవుతుందా? తాగనివారు కూడా వెళ్ళదగిన చోటేనా? రుచి చూడడం నేర్పే తరగతులు విడిగా ఉంటాయట, వాటిలో చేరడం అవసరమా? బయలుదేరేలోపు ఇక్కడే చేసుకోగల సన్నాహం ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: సీతమ్మధార నుంచి

మేడమ్, మీ అత్తగారిని తప్పకుండా తీసుకువెళ్ళండి. మేము వెళ్ళినప్పుడు అందరికంటే ఎక్కువసేపు ఆగి ఆగి చూసింది మద్యం ముట్టని మా ఆవిడే. శాశ్వత ప్రదర్శన రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడ ఎవరూ చేతికి గ్లాసు ఇవ్వరు. టికెట్‌తో పాటు వచ్చే ఒక గ్లాసు వైన్‌ను ఎనిమిదో అంతస్తులో, సుమారు 35 మీటర్ల ఎత్తున ఉన్న వీక్షణ వేదిక దగ్గర ఇస్తారు. వైన్ వద్దన్నవారికి అక్కడే ద్రాక్షరసం ఇస్తారు. అంటే మీ అత్తగారు ప్రదర్శన అంతా చూసి, పైకి వెళ్ళి, గారోన్ నదినీ ఊరినీ చూస్తూ ద్రాక్షరసం తాగి రావచ్చు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు.

ఆ భవనం 2016 జూన్‌లో ప్రారంభమైంది. ఎత్తు 55 మీటర్లు. గ్లాసులో తిప్పిన వైన్‌నూ, నదిలోని సుడినీ, మెలితిరిగిన ద్రాక్ష మొదలునూ మనసులో పెట్టుకుని దానికి ఆ ఆకారం ఇచ్చారు. బి ట్రామ్ ఎక్కితే అదే పేరుగల స్టాపులో దిగవచ్చు. లోపల ఇచ్చే శ్రవణ పరికరం ఎనిమిది భాషల్లో పనిచేస్తుంది. వాటిలో ఇంగ్లీష్ ఉంది గాని మన దేశ భాషలు లేవు కాబట్టి, మీ అత్తగారి పక్కన మీరో అమ్మాయో ఉండి వివరించవలసి వస్తుంది.

ఏమీ తెలియకపోయినా అర్థమవుతుందా అన్నారు. ప్రపంచంలోని ద్రాక్ష తోటల దృశ్యాలతో, పండించేవారి మాటలతో, వేల ఏళ్ళ చరిత్రతో ఆ ప్రదర్శనను సామాన్యుల కోసమే అమర్చారు. మట్టిలో పాతిపెట్టిన పెద్ద కుండల్లో జార్జియా ప్రజలు నేటికీ వైన్ పులియబెడతారనీ, ఆ దేశంలో దొరికిన మట్టిపాత్రల ఆనవాళ్ళు సుమారు 8,000 ఏళ్ళ నాటివనీ తెలుసుకున్న తరువాత నాకు వైన్ ఒక్క ఫ్రాన్స్ సొత్తు అన్న భావన పోయింది. ఇక్కడ ముందు ఇది, తరువాత అది అనే నిర్బంధ క్రమం ఏదీ లేదు. నచ్చిన చోట ఎంతసేపైనా నిలబడవచ్చు. అందుకే అన్నీ చూడాలనే పట్టుదల వదిలి, మూడు నాలుగు విభాగాల్లో మనసు పెట్టమని నా సలహా. రెండు మూడు గంటలు పడుతుంది. పైన గ్లాసు కోసం మరో అరగంట మిగుల్చుకోండి. రుచి తరగతి మొదటిసారి వెళ్ళేవారికి అవసరం లేదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో మరో రోజు సెంత్ ఎమిలియన్ వెళ్ళి తోటలు చూడండి. ఆ ప్రాంతం 1999 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

జవాబు: బీచ్ రోడ్ హోటల్ ఉద్యోగి

నేను ఇక్కడి ఒక హోటల్‌లో చాలాకాలంగా భోజన సేవా విభాగంలో పని చేస్తున్నాను, కొత్తగా చేరిన పిల్లలకు వైన్ వడ్డన నేర్పుతుంటాను. పై జవాబులో చివరి మాటతో తప్ప మిగతా అంతటితో ఏకీభవిస్తాను. తరగతి విషయం తరువాత చెబుతాను. ముందు మీరు అడిగిన సన్నాహం సంగతి.

వైన్‌లో మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నాలుక పులుపు, తీపి, చేదు వంటి కొన్నింటినే పట్టుకుంటుంది, మిగిలినదంతా గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే. ముక్కు గట్టిగా మూసుకుని ఒక యాలకుల గింజ నమిలి, కొంతసేపటికి ముక్కు వదిలి చూడండి, మీ తరగతిలో పిల్లలకు కూడా చూపించవచ్చు. ఆ ప్రదర్శనశాలలో గాజు మూతల కింద పెట్టిన పళ్ళు, పూలు, తోలు, మసాలా వస్తువుల వాసన చూసే విభాగం ఒకటి ఉంది. తొలిసారి వెళ్ళేవారికి అన్నిటికంటే ఎక్కువ నేర్పేది అదేనని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ నిలబడినప్పుడు ఒక వాసనకు పేరు తట్టాలంటే ఆ వాసన ముందే మన జ్ఞాపకంలో ఉండాలి. ఆ జ్ఞాపకాన్ని విశాఖలోనే పెంచుకోవచ్చు.

పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి లవంగాలు, దాల్చినచెక్క, మిరియాలు కొద్దికొద్దిగా తెచ్చుకోండి. ఒక పచ్చి క్యాప్సికం, ఒక నిమ్మకాయ, దొరికితే సింహాచలం సంపెంగ కూడా చేర్చండి. విడివిడిగా మూత ఉన్న గిన్నెల్లో పెట్టి, కళ్ళు మూసుకుని, ఏది ఏదో ఇంట్లో అందరూ చెప్పుకోండి. మీ అత్తగారు అందరికంటే బాగా చెబుతారని నా నమ్మకం, ఎందుకంటే ఏళ్ళ తరబడి పోపు వేగిందో మాడిందో ముక్కుతో తేల్చినవారి అనుభవం ఏ తరగతిలోనూ దొరకదు. ఈ వస్తువులు ఊరికే చెప్పినవి కావు. లవంగంలోని యూజెనాల్ ఓక్ పీపాల్లో నిలవ ఉంచిన వైన్‌లోకి చెక్క నుంచి చేరుతుంది. క్యాప్సికం వాసనకు కారణమైన మెథాక్సీపైరజీన్లు బోర్డోలో విరివిగా పండే కాబర్నే సోవినియన్ ద్రాక్షలో కూడా ఉంటాయి. మిరియాలకు ఘాటైన వాసన ఇచ్చే రొటండోన్ అనే పదార్థమే సిరా అనే ఎర్ర ద్రాక్షతో చేసిన వైన్‌లో ఉన్నట్టు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించే తీగల మిరియాలు తెచ్చుకుంటే మరీ మంచిది.

నాలుకకు కూడా కొంత అభ్యాసం కావాలి. పాలు, పంచదార లేకుండా బాగా మరిగించిన టీ ఒక గుక్క నోట్లో ఉంచుకోండి. చిగుళ్ళు పట్టేసినట్టు అనిపించే ఆ వగరు టానిన్ల వల్ల వస్తుంది. ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కాబట్టి తొక్కల నుంచి, గింజల నుంచి ఆ టానిన్లు దిగుతాయి. తెల్ల వైన్‌కు ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు కాబట్టి అంత వగరు ఉండదు. మీవారు అడుగుతున్న తేడాకు మూలం ఇదే.

ఇక తరగతి సంగతి. మీరు వృక్షశాస్త్రం చెప్పేవారు, మీవారికి కొంచెం అలవాటు ఉంది. మీరిద్దరూ ఒక చిన్న తరగతిలో కూర్చుంటే, పక్కపక్కన పెట్టిన రెండు మూడు వైన్ల మధ్య తేడాను ఒకరు మాటల్లో పెట్టి చెబుతుండగా వినడం వల్ల కలిగే స్పష్టత, ఒంటరిగా ఒక గ్లాసు తాగితే కలగదు. మింగకుండా ఉమ్మివేయడానికి ప్రత్యేకంగా పాత్ర పెడతారు. మన పద్ధతిలో అది మొరటుగా తోచవచ్చు గాని అక్కడ వృత్తిలో ఉన్నవారందరూ చేసే పనే అది, మొదటిసారి రుచి చూసే మీకు చాలా అవసరం. ఖాళీ కడుపుతో వెళ్ళవద్దు. ఆ రోజు సెంటు, ఘాటైన తలనూనె మానేయండి. తరగతిని ప్రదర్శన చూశాకే పెట్టుకోండి.

లాసన్స్ బే వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. గిన్నెల అభ్యాసం మా ఇంట్లో ఈ ఆదివారమే మొదలైంది. మీరన్నట్టే మా అత్తగారు అన్నీ సరిగ్గా చెప్పారు. నాకు మిరియాల వాసన మాత్రం చాలా నీరసంగా తోచింది. నా ముక్కులో ఏదైనా లోపమా? మరొకటి, మావారు వైన్ అంటే ద్రాక్షరసమే కదా, శాకాహారమే కదా అంటున్నారు. అది నిజమేనా?

జవాబు: గోపాలపట్నం, ఆహార సాంకేతికం

మిరియాల గురించి దిగులు పడకండి. పైన చెప్పిన పరిశోధనలోనే పరీక్షకు కూర్చున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు రొటండోన్‌ను బాగా ఎక్కువ మోతాదులో కూడా పసిగట్టలేకపోయారు. ఒక వాసన అందకపోతే మిగతావి కూడా అందవని కాదు. ప్రదర్శనశాలలో పక్కవారు మహా ఉత్సాహంగా చెప్పే వాసన మీకు రాకపోతే రాలేదనే చెప్పండి. రాని వాసనను వచ్చిందనుకుంటూ తల ఊపడం మొదలుపెడితే నేర్చుకోవడం అక్కడే ఆగిపోతుంది.

శాకాహారం విషయంలో మీవారి మాట పూర్తిగా నిజం కాదు. కొత్త వైన్‌లో తేలే మడ్డిని దించడానికి కోడిగుడ్డు తెల్లసొన, పాలలోని కేసిన్, చేపల గాలితిత్తి నుంచి తీసిన జిగురు వాడే అలవాటు చాలాకాలంగా ఉంది. బోర్డో ఎర్ర వైన్లకు తెల్లసొన వాడడం పాత సంప్రదాయం. ఆ పదార్థం మడ్డితో పాటు అడుగుకు చేరి తొలగిపోతుంది గాని, నియమం పాటించేవారికి వాడారా లేదా అన్నదే ముఖ్యం. బెంటొనైట్ అనే బంకమట్టితో తేర్చినవీ, అసలు తేర్చనివీ కూడా దొరుకుతాయి. యూరప్‌లో గుడ్డు, పాల అవశేషం ఉంటే సీసా మీద రాయాలి. చేప జిగురుకు మాత్రం ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి లేబుల్ చూసి తృప్తి పడకుండా వీగన్ అని గుర్తు ఉన్న సీసా అడగండి. పళ్ళరసాలను తేర్చడానికి కూడా కొన్నిచోట్ల జెలటిన్ వాడతారు. మీ అత్తగారి నియమం అంత గట్టిదైతే ద్రాక్షరసం గురించి కూడా వేదిక దగ్గర అమ్మాయి చేత ఒక మాట అడిగించండి. బోర్డో బేకరీలన్నింటిలో కనబడే కనలే అనే చిన్న కేకులో గుడ్డు సొన, రమ్ము రెండూ ఉంటాయి. చూడడానికి మన పాకం మిఠాయిలా ఉంటుంది గనుక ముందే చెబుతున్నాను.

జవాబు: మాడుగుల రైతుబిడ్డ

మేడమ్ వృక్షశాస్త్రం చెబుతారు గనుక ఒక్క మాట. మనం తోటల్లో తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమం ఆ ఊరిదే. బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడైన మిల్లార్డే, దారి పక్క ద్రాక్ష తీగలకు దొంగతనాలు జరగకుండా రైతులు చల్లిన మైలుతుత్తం, సున్నం వల్ల ఆ తీగలకు బూజు తెగులు రాలేదని గమనించి, పరీక్షలు చేసి 1885లో ఆ విధానాన్ని ప్రకటించాడు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో ఆకు తుప్పు తెగులుకు నేటికీ అదే మందు వాడతారు. మీ అత్తగారికి పంటల మీద ఆసక్తి అన్నారు, ఆవిడకు వైన్ కథను ఇక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పండి. 1860ల్లో ఫ్రాన్స్‌కు చేరి తోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా అనే వేరు పురుగు కథ కూడా చెప్పవచ్చు. అమెరికా ద్రాక్ష వేరు మొదళ్ళ మీద యూరప్ తీగను అంటు కట్టి ఆ గండం గట్టెక్కారు. మామిడి అంటు చూసినవారికి అది సులువుగా అర్థమవుతుంది.

జూన్ మొదట్లో వెళితే తీగలు సాధారణంగా పూత మీద ఉంటాయి. ద్రాక్ష పువ్వు చాలా చిన్నది, వాసన సన్ననిది, వంగి దగ్గరగా చూడాలి. కోత చూడాలంటే మాత్రం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్ళాలి. మన దేశంలో నాసిక్ తోటల్లో కోత జనవరి నుంచి మార్చి దాకా జరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి కత్తిరించి, కాయ పొడి చలికాలంలో పండేలా చూసుకుంటారు. రెండు చోట్లా తోట చూస్తే మీ పాఠానికి మంచి ఉదాహరణలు దొరుకుతాయి.

జవాబు: సీతమ్మధార నుంచి

హోటల్ మిత్రుడి మాట విన్నాక తరగతి గురించి నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. మీవారూ మీరూ తరగతిలో ఉన్నంతసేపు అత్తగారూ అమ్మాయీ మొదటి అంతస్తులోని పఠన గదిలో కూర్చోవచ్చు. ఇంగ్లీషులో జరిగే తరగతి ఏ రోజు, ఏ గంటకు ఉందో చూసి, టికెట్లు ఆ రోజుకే తీసుకోండి. జూన్‌లో వారాంతాల్లో రద్దీ ఉంటుంది కాబట్టి ముందే తీసుకోవడం మంచిది.