స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ మళ్ళీ మొదట్నించి చూస్తున్నం, సీజన్ 1 వదిలేయాల్నా?

పదిహేనేండ్ల కింద అమీర్‌పేట్ హాస్టల్ రూంల నేను, మా దోస్తు ఈ అంతరిక్ష నౌక సిరీస్ మొత్తం చూసినం, పరీక్షలున్నా ఆపలేదు. ఇప్పుడు వాడు ఉప్పల్‌ల, నేను మియాపూర్‌ల. శనివారం సాయంత్రం వాడు మెట్రో ఎక్కి అదే అమీర్‌పేట్‌ల లైన్ మారి మా ఇంటికొస్తడు, రెండు ఎపిసోడ్లు చూసి లాస్ట్ ట్రైన్‌కి పోతడు. మొత్తం 178 ఎపిసోడ్లు అంటే 89 వారాలు, నాకైతే ఎంత లేటయితే అంత మంచిదే అనిపిస్తుంది. కానీ పోయిన వారం నాలుగోది, కోడ్ ఆఫ్ ఆనర్, నల్లజాతి వాళ్ళని చూపించిన తీరుకి ఇద్దరికీ మనసు పాడయింది, వాడు సగంలనే లేచి గిలాసలు కడగవోయిండు. సీధా సీజన్ 3కి పోదామంటున్నడు. ఏం జేయాలె?

జవాబు 1
అన్నా మొత్తం వదలకండి ప్లీజ్. సీజన్ 1లో స్కిన్ ఆఫ్ ఈవిల్ చూడాల్సిందే, నౌక సెక్యూరిటీ ఆఫీసర్ టాషా యార్ చావు చూడకుండా సీజన్ 3లో యెస్టర్డేస్ ఎంటర్‌ప్రైజ్‌కి వెళ్తే ఆ బరువు తెలీదు. సీజన్ 2లో మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ అస్సలు మిస్ కావొద్దు, డేటా అనే మనిషిలాంటి రోబో మనిషా, స్టార్‌ఫ్లీట్ అనే నౌకాదళం సొత్తా అని విచారణ, డేటాకి వ్యతిరేకంగా వాదించాల్సింది అతని ఫ్రెండ్ రైకరే, వాదిస్తూ వాదిస్తూ వెనక స్విచ్ నొక్కి ఆపేస్తాడు చూడండి, డేటా అలా టేబుల్ మీదకి ఒరిగిపోతాడు, నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ సీజన్ ఆఖరిది మాత్రం వదిలేయొచ్చు, పాత సీన్లు అతికించింది. 1988లో రైటర్ల సమ్మె వల్ల ఆ సీజన్‌కి 22 ఎపిసోడ్లే వచ్చాయి, మిగతా సీజన్లన్నీ 26.

జవాబు 2
నేనైతే సీజన్ 5లో డార్మాక్ కోసమే మళ్ళీ చూస్తా. అందులో వేరే గ్రహం వాళ్ళ మాటలన్నీ అనువాదం అవుతాయి కానీ అర్థం కాదు, ఎందుకంటే వాళ్ళు మాట్లాడేదంతా వాళ్ళ కథల్లోంచే. మనం భగీరథ ప్రయత్నం, శల్య సారథ్యం, త్రిశంకు స్వర్గం అంటాం కదా, ఆ కథ తెలీనోడికి ఏం అర్థమవుతుంది? భాష మొత్తం అలాగే ఉంటే ఎలా ఉంటుందో అదే ఆ ఎపిసోడ్. చివర్లో మంట పక్కన, చావుబతుకుల్లో ఉన్న వాళ్ళ కెప్టెన్‌కి మన నౌక కెప్టెన్ పికార్డ్ గిల్గమేష్ అనే పాత పురాణ వీరుడి కథ చెప్తాడు, మా తాతయ్య మంచం పక్కన కూర్చుని నేను భాగవతం చదివిన రోజులు గుర్తొచ్చాయండి.

అడిగినోడిని
థాంక్స్ ఇద్దరికీ. వానికి డార్మాక్ మస్తు ఇష్టం, రూంల ఉన్నప్పుడు ఏదన్న ఇయ్యాలంటే అండ్ల వాళ్ళ లెక్క "టెంబా, చేతులు చాచి" అనుకునేటోళ్ళం, యాదికే లేకుండె. వరసగానే చూద్దాం, నచ్చనిది మధ్యల ఆపేద్దాం అని వానికి మెసేజ్ పెట్టిన, కింద ఆ టెంబా మాట కూడా రాసిన. రెండు నిమిషాలకి జవాబొచ్చింది: "అల్లం చాయ్ పెట్టు, ఆరింటికొస్త."